బీపీ లేని పిల్లవాడికి బీపీ మాత్ర ఎందుకు?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. నాలుగు ఆవులున్నాయి, పాల డబ్బులతోనే ఇల్లు గడుస్తుంది. మావాడికి పదకొండేళ్లు నిండాయి. ఎత్తు 124 సెంటీమీటర్లు. పోయిన ఏడాది నుంచి ఇప్పటికి 3 సెంటీమీటర్లే పెరిగాడు. నేను 163, మా ఆవిడ 150. తిరుపతిలో హార్మోన్ల డాక్టరుకు చూపించాం. థైరాయిడ్ బాగుందన్నారు, ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు గ్రోత్ హార్మోన్ టెస్ట్ చేయాలి, పరగడుపున తీసుకురండి, క్లోనిడిన్ అనే మాత్ర వేసి ఐదుసార్లు రక్తం తీస్తాం అంటున్నారు. మందుల షాపులో అడిగితే అది బీపీ మాత్ర అన్నాడు. బీపీ లేని పిల్లాడికి ఆ మాత్ర ఎందుకు సార్? ఒక్కసారి రక్తం తీసి చూస్తే తెలియదా? మా ఆవిడేమో, ట్యూషన్లో వేసినప్పటి నుంచి వాడికి టెన్షన్ పట్టుకుంది, ఎదుగుదల ఆగింది అందుకే అంటోంది. ఇది నిజమేనా? మిగతా ఆరోగ్యం బాగానే ఉంది. చలికాలంలో పిల్లికూతలు వస్తే పీల్చే మందు, మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చే చిన్న మాత్రలు వాడతాం, అంతే.
— ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే చివరి వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మీరు ‘అంతే’ అని తేల్చేశారు గానీ, నాకు అది అంత తేలిగ్గా కనిపించలేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మాత్ర సంగతి చూద్దాం.

మెడికల్ కాలేజీ పిల్లలకు నేను చాలా ఏళ్లు ఫిజియాలజీ చెప్పాను. పిట్యూటరీ గ్రంథి పాఠం వచ్చినప్పుడల్లా, ఇంట్లో పాడి ఉన్నవాళ్లు ఎవరని అడిగేవాణ్ణి. సగం పాఠం వాళ్లకు ముందే వచ్చేసి ఉంటుంది. మీకూ వచ్చు.

సాయంత్రం పాలు తీయడానికి కూర్చుంటారు. దూడను వదులుతారు, అది నాలుగుసార్లు కుమ్ముతుంది. దాన్ని పక్కకు కట్టి పొదుగు కడుగుతారు. ఒక నిమిషం తిరిగేలోపు చన్నులు బిగిసి నిండుతాయి. ఆవు చేపింది. సరిగ్గా అప్పుడే ఊరకుక్క ఒకటి కొట్టంలోకి దూరి మొరిగిందనుకోండి, లేదా పక్కింటి పెళ్లిలో టపాసు పేలిందనుకోండి. ఆవు ఉలిక్కిపడుతుంది. ఆ తర్వాత ఎంత పిండినా చారలు చారలుగా నాలుగు ధారలు తప్ప రావు. ఎగజేపింది అంటారు మీరు. పాలు ఎక్కడికీ పోలేదు, పొదుగులోనే ఉన్నాయి. వాటిని కిందికి నెట్టే హార్మోన్ పని ఆగిపోయింది, అంతే తేడా.

ఆ హార్మోన్ పేరు ఆక్సిటోసిన్. దాన్ని విడుదల చేసేది పిట్యూటరీ గ్రంథి వెనక భాగం. అమెరికాలోని మినెసోటాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు 1941లో ఈ సంగతి తేల్చారు. వాళ్లు చేసిన పని వింటే మీరు నవ్వుతారు. పాలు తీయబోయే ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పది సెకన్లకోసారి కాగితం సంచి పేల్చారు. ఆవు చేపలేదు. తర్వాత పిల్లీ లేదు, సంచీ లేదు, ఒట్టి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పుడూ చేపలేదు. భయం చేసిన పనినే అడ్రినలిన్ కూడా చేసింది. ఇది రెండు చోట్ల జరుగుతుందని తర్వాతి వాళ్లు గమనించారు: మెదడు స్థాయిలో ఆక్సిటోసిన్ విడుదలే తగ్గుతుంది, పొదుగులో రక్తనాళాలు బిగుసుకుని వచ్చిన కాస్త హార్మోన్ కూడా చేరాల్సిన చోటికి సరిగా చేరదు.

అంటే, అడ్రినలిన్ లాంటి సంకేతం వచ్చిందంటే పిట్యూటరీ తన పనిని మార్చుకుంటుంది. మీవాడికి చేయబోయే టెస్టుకు మూలం ఇదే. కాకపోతే ఆవు విషయంలో సంకేతం పనిని ఆపింది, ఇక్కడ మనకు కావలసింది పనిని మొదలుపెట్టించే సంకేతం. పైగా గ్రంథి వెనక భాగం కాదు, ముందు భాగం.

పిట్యూటరీ శనగగింజంత ఉంటుంది, బరువు అర గ్రాముకు అటూ ఇటూ. ముక్కు మొదలుకు సూటిగా వెనక, పుర్రె అడుగున చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. గ్రోత్ హార్మోన్, థైరాయిడ్‌ను నడిపే హార్మోన్, అడ్రినల్ గ్రంథిని లేపే ఏసీటీహెచ్, ప్రొలాక్టిన్ ఇవన్నీ దాని ముందు భాగం నుంచే వస్తాయి. దీనికి పైన హైపోథాలమస్ అనే పెద్దమనిషి ఉన్నాడు. అతను సన్నని రక్తనాళాల గుండా కిందికి చీటీలు పంపుతాడు: ఇది వదులు, అది ఆపు అని. గ్రోత్ హార్మోన్ విషయంలో ముఖ్యమైన చీటీలు రెండు. వదలమనేది జీహెచ్ఆర్‌హెచ్. ఆపమనేది సొమాటోస్టాటిన్.

మరి హైపోథాలమస్‌కు ఎవరు చెబుతారు? మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి రక్తంలోకి వచ్చే అడ్రినలిన్ మెదడులోకి సులువుగా చొరబడదు. మెదడుకు తన సొంత సరుకు ఉంది. మెదడు కాండంలో నీలిమచ్చ అనే పేరున్న చిన్న గుంపు, దాని చుట్టుపక్కల ఉన్న మరికొన్ని గుంపులు నార్ అడ్రినలిన్ తయారు చేసి, పొడవాటి నరాల తీగల మీదుగా హైపోథాలమస్‌కు చేరవేస్తాయి. నార్ అడ్రినలిన్ అంటే అడ్రినలిన్‌కు అన్న వరస, దాని నుంచే అడ్రినలిన్ తయారవుతుంది.

ఇక్కడొక మెలిక ఉంది, మీ ప్రశ్నకు జవాబంతా ఆ మెలికలోనే ఉంది. ఒకే అడ్రినలిన్ ఒకచోట రక్తనాళాన్ని బిగిస్తుంది, ఇంకోచోట ఊపిరిగొట్టాన్ని వదులు చేస్తుంది. ఇదెలా అని చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నారు. 1948లో ఆల్‌క్విస్ట్ అనే ఆయన, తాళంచెవి ఒకటే గానీ తాళాలు రెండు రకాలన్నాడు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. తర్వాత వాటిలోనూ ఒకటో రకం, రెండో రకం అని తేలింది. గ్రోత్ హార్మోన్ దగ్గర ఆల్ఫా-2, బీటా తాళాలు ఎదురెదురుగా పనిచేస్తాయి. హైపోథాలమస్‌లో ఆల్ఫా-2 తాళం తెరుచుకుంటే ‘వదులు’ చీటీ కిందికి వెళ్తుంది, గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది. బీటా తాళం తెరుచుకుంటే ‘ఆపు’ చీటీ వెళ్తుంది, తగ్గుతుంది.

క్లోనిడిన్ ఆ ఆల్ఫా-2 తాళానికి సరిగ్గా సరిపోయే తాళంచెవి. 1960ల మొదట్లో జర్మనీలో దాన్ని ముక్కు దిబ్బడకు చుక్కల మందుగా వాడదామనుకున్నారు. తీరా చూస్తే, వేసుకున్న మనిషికి బీపీ పడిపోయి ఒకటే నిద్ర. మెదడు కాండంలో ఆల్ఫా-2 తాళం తెరుచుకుంటే నరాల పరుగు నెమ్మదిస్తుంది, బీపీ దిగుతుంది. అలా జలుబు మందు కాస్తా బీపీ మందయింది. అదే మాత్ర హైపోథాలమస్‌లో గ్రోత్ హార్మోన్ తలుపు కూడా తడుతుందని తర్వాత తెలిసింది. 1979లో ఇజ్రాయెల్ వైద్యులు దాన్ని పిల్లల్లో పరీక్షగా వాడి చూపించారు. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడుతున్నదే, మీవాడి మీద కొత్తగా చేస్తున్న ప్రయోగమేమీ కాదు. షాపతను చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పాడు. మీ డాక్టరు మీవాడి బీపీ తగ్గించడానికి ఆ మాత్ర వేయడం లేదు. గ్రంథి తలుపు తట్టి, లోపలి నుంచి ఎవరైనా పలుకుతారా అని వినడానికి వేస్తున్నారు.

తలుపు తట్టాక లోపల జరిగేదాని గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, పాత అలవాటు. ‘వదులు’ చీటీ పిట్యూటరీ కణం మీద పడగానే, కణంలో ఏటీపీ అనే పదార్థం నుంచి సైక్లిక్ ఏఎంపీ పుడుతుంది. హార్మోన్‌ను బయటికి తోసేది ఆ సంకేతమే. ఏటీపీని 1929లో కనుక్కున్నవాళ్లలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అడ్రినలిన్ ఎలా పనిచేస్తుందో వెతుకుతూ సైక్లిక్ ఏఎంపీని పట్టుకున్న సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

ఒక్కసారి రక్తం తీస్తే చాలదా అన్నారు. చాలదు. మీ దగ్గర్లో ఏ మున్సిపాలిటీ కొళాయినైనా గుర్తు తెచ్చుకోండి. తెల్లవారుజామున గంటసేపు నీళ్లు వదులుతారు. పట్టపగలు పదకొండింటికి కొళాయి తిప్పి, చుక్క రాలేదు కాబట్టి ట్యాంకే ఖాళీ అనేస్తే? గ్రోత్ హార్మోనూ అలా విడతలు విడతలుగానే వస్తుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి గాఢనిద్రలో. పగలు విడతకూ విడతకూ మధ్య పూర్తి ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి కూడా దాదాపు సున్నా చూపించవచ్చు. అందుకే మాత్రతో కొళాయి తిప్పించి, మాత్రకు ముందు ఒకసారి, తర్వాత రెండు గంటల పాటు అరగంటకోసారి రక్తం తీస్తారు. మామూలుగా గంటకూ గంటన్నరకూ మధ్య హార్మోన్ పైకి ఎగబాకుతుంది. సూది మాత్రం ఐదుసార్లు గుచ్చరు. చేతికి సన్నని గొట్టం ఒక్కసారి పెట్టి, దాని నుంచే తీస్తారు. ఈ మాట మీవాడికి ముందే చెప్పండి, సగం భయం పోతుంది. గొట్టం పెట్టాక కాసేపు ఊరికే పడుకోబెడతారు, విసుక్కోకండి. సూది నొప్పికే కొందరిలో గ్రోత్ హార్మోన్ పైకి లేస్తుంది, అది దిగాలి.

పరగడుపు అంటే నిజంగా పరగడుపే. మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఒకసారి మా బంధువుల అబ్బాయికి ఇదే పరీక్ష. నేనూ తోడు వెళ్లాను. రెండో శాంపిల్ తీశాక నేను కాఫీకని కిందికి దిగాను. వచ్చేసరికి వాళ్ల అవ్వ, బిడ్డ ముఖం పీక్కుపోయిందని కొంగున కట్టుకొచ్చిన బిస్కెట్లు తినిపిస్తోంది. రక్తంలో చక్కెర పెరిగితే గ్రోత్ హార్మోన్ అణిగిపోతుంది. పరీక్షంతా బూడిదలో పోసినట్టయింది, ఇంకో రోజు మళ్లీ మొదటి నుంచి. ఆ అవ్వను ఎవరం ఏమీ అనలేకపోయాం.

చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు. తెల్లారి బస్సులో ఖాళీ కడుపుతో తిప్పేకంటే ముందురోజు సాయంత్రమే వచ్చి ఉండండి. మాత్ర వేశాక పిల్లవాడు మగతగా ఉంటాడు, బీపీ కాస్త దిగుతుంది, ముఖం పాలిపోవచ్చు. అందుకే పడుకోబెట్టి మధ్యమధ్యలో బీపీ చూస్తారు. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా ఒంటరిగా పంపకండి. అయిపోయాక ఉప్పు వేసిన మజ్జిగ, కడుపునిండా టిఫిన్. డాక్టరు బీపీ చూసి సరే అన్నాకే కదలండి. తిరిగి వెళ్లేటప్పుడు బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్లవద్దు, నిద్రలో జారిపోతాడు. సాయంత్రం దాకా మత్తు ఉండవచ్చు. ఇంకొకటి, ఈ మాత్ర ఇంట్లో వేసి చూసే రకం కాదు. ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

హార్మోన్ పైకి చేరిన అంకె మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు దాటితే బాగున్నట్టే అనేది పాత లెక్క. ఇప్పుడు చాలామంది 7 చాలంటున్నారు. తక్కువ వచ్చినంత మాత్రాన లోపం ఖాయమైపోయినట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఒక్కోసారి గ్రంథి పలకదు. అందుకే ఇంకో మందుతో రెండో పరీక్ష చేశాకే ఒక మాట అంటారు. ఈడు రాబోయే వయసు కాబట్టి, పరీక్షకు కొన్నాళ్ల ముందు ఒక హార్మోన్ డోసు ఇస్తామని కూడా అనవచ్చు, కంగారు పడకండి. నిజంగా లోపమని తేలితే అప్పుడు పిట్యూటరీకి ఎంఆర్ఐ, ఆ తర్వాత ఇంజెక్షన్ల మాట. అవి ఏళ్ల తరబడి తీసుకోవాలి, ఖరీదు ఎక్కువ. ఆ చర్చ ఇప్పుడే వద్దు.

మీ ఆవిడ మాట గురించి. ఆమెను తోసిపుచ్చకండి, ఆమె పట్టుకున్న కొస సరైనదే. టెన్షన్ పిట్యూటరీని చేరుతుంది. భయం వేసినప్పుడు ఇందాకటి నార్ అడ్రినలిన్ నరాలే హైపోథాలమస్‌ను కదిలిస్తాయి, అక్కడి నుంచి సీఆర్‌హెచ్ అనే చీటీ దిగుతుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ వదులుతుంది, అడ్రినల్ గ్రంథి కార్టిజాల్ పోస్తుంది. కార్టిజాల్ నెలల తరబడి ఎక్కువగా ఉంటే ఎదుగుదల కుంటుపడుతుంది కూడా. కానీ ట్యూషన్ భయం ఆ స్థాయికి వెళ్లదు. అప్పటికప్పుడు కలిగే ఒత్తిడి మనిషిలో గ్రోత్ హార్మోన్‌ను తగ్గించకపోగా కాసేపు పెంచుతుంది. మానసిక కారణాలతో పిల్లలు పొట్టిగా మిగిలిపోవడం వైద్యంలో ఉన్న మాటే. అది ఇంట్లో ఆదరణ లేక, రోజూ హింస పడే పిల్లల్లో కనిపిస్తుంది. అలాంటి పిల్లల్ని ప్రేమగా చూసే చోటికి మారిస్తే ఇంజెక్షన్ లేకుండానే హార్మోన్ కోలుకుని, ఎదుగుదల అందుకుంటుంది. కొడుకు ఎత్తు కోసం తిరుపతి దాకా వచ్చి, పరీక్ష గురించి ఉత్తరం రాసే మీ ఇల్లు అలాంటిది కాదని నా నమ్మకం. అయినా ట్యూషన్లో వాడికి ఏం జరుగుతోందో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఎత్తు కోసం కాదు, వాడి కోసం.

ఇప్పుడు మీ ‘అంతే’ దగ్గరికి వద్దాం.

పిల్లికూతలకు వాడే పీల్చే మందు చాలావరకు సాల్‌బ్యుటమాల్ అయి ఉంటుంది. అది కూడా అడ్రినలిన్ వంశంలోదే, కాకపోతే బీటా తాళం తెరిచేది. ఊపిరిగొట్టాలను వదులు చేసేది అలాగే. బీటా తాళం తెరిస్తే గ్రోత్ హార్మోన్‌కు ‘ఆపు’ చీటీ వెళ్తుందని పైన చెప్పాను కదా. ఒకపక్క క్లోనిడిన్ తలుపు తడుతుంటే, ఇంకోపక్క ఇది లోపలి నుంచి గడియ పెట్టవచ్చు. పరీక్షలో అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. అప్పుడప్పుడూ పీల్చినందుకు ఎదుగుదల ఆగిందని మాత్రం అనుకోవద్దు, అలా జరగదు. ఆయాసం వస్తే పరీక్ష ఉందని మందు బిగబట్టుకుని కూర్చోవద్దు కూడా. పీల్చాల్సి వస్తే పీల్పించి, డాక్టరుకు ఫోన్ చేసి పరీక్ష వాయిదా వేయించండి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసినవి ఆ చిన్న మాత్రలు. పేరు మీరు రాయలేదు. పిల్లికూతలకు ఊళ్లలో ఇచ్చే చిన్న మాత్రల్లో బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు తరచుగా ఉంటాయి. వేసిన పూటే ఆయాసం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, పిల్లవాడు బొద్దుగా కనిపిస్తాడు, అందరికీ సంతోషం. అవి కార్టిజాల్ బాపతు. మళ్లీ మళ్లీ వాడితే ఎముకల చివర ఎదిగే భాగం నెమ్మదిస్తుంది, ఏసీటీహెచ్ వదలాల్సిన పిట్యూటరీ మందగిస్తుంది. ఈ వయసు పిల్లవాడు ఏడాదికి మామూలుగా ఐదారు సెంటీమీటర్లు పెరగాలి, మీవాడు మూడే పెరిగాడు. ఆ తేడాకు కారణం పిట్యూటరీలో కాక మందుల డబ్బాలో ఉండే అవకాశం ఉంది. ఈ విషయం మీరు డాక్టరుకు చెప్పారా? ఉత్తరం చూస్తే చెప్పినట్టు అనిపించలేదు. ఎవరూ అడిగి ఉండరు, మీకూ అది చెప్పాల్సిన విషయంగా తోచి ఉండదు.

అలాగని ఇది చదివి రేపే మాత్రలు ఆపేయకండి. ఎక్కువ రోజులు వాడి ఉంటే అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే, జ్వరమో వాంతులో వచ్చిన రోజున ఒళ్లు తట్టుకోలేక ప్రాణం మీదికి రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టరే చెబుతారు. ఆస్తమా అని తేలితే రోజూ పీల్చే నివారణ మందు రాయవచ్చు. అందులోనూ కొద్దిపాటి స్టెరాయిడ్ ఉంటుంది, దానికి బెదరకండి. ఏళ్ల తరబడి వాడినా ఎత్తులో తేడా సుమారు ఒక సెంటీమీటరు. అదుపులో లేని ఆస్తమా చేసే నష్టం అంతకంటే పెద్దది.

మీ ఇద్దరి ఎత్తుల లెక్క కూడా చెప్పేస్తాను. మగపిల్లవాడికైతే తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కలిపి, 13 కలిపి, సగం చేయాలి. మీకు 163 వస్తుంది, దానికి అటూ ఇటూ ఎనిమిది. వాడు ఆరడుగులవాడు కావాలని ఎవరైనా ఆశపెట్టి ఎత్తు పెంచే పొడి డబ్బా అమ్మజూపితే, ఆ డబ్బుతో గుడ్లు, వేరుశనక్కాయలు కొనండి.

పరీక్ష రోజు కోసం ఆగకుండా ఈ వారంలోనే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న మందుల షీట్లు, పీల్చే డబ్బా, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేయండి. రెండేళ్లలో ఆ చిన్న మాత్రలు ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని రోజులు వేశారో మీ ఆవిడను గుర్తుచేసుకోమని ఒక కాగితం మీద రాయించండి, ఆమెకే బాగా గుర్తుంటుంది. ఆర్ఎంపీ మాత్రలు పొట్లంలో కట్టి ఇచ్చి ఉంటే షీట్ ఉండదు. ఆయన దగ్గరికి వెళ్లి, గొడవ పెట్టుకోకుండా, తిరుపతి డాక్టరు అడిగారని చెప్పి మాత్ర పేరు రాయించుకోండి.